తక్కువగా మాట్లాడే అమ్మాయి నర్సుగా రాణించగలదా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉంది. బాగా చదువుతుంది కానీ చాలా తక్కువగా మాట్లాడుతుంది. వార్డులో రోగుల బంధువులు నిలదీసినా, సీనియర్ సిస్టర్లు విసుక్కున్నా కుంగిపోతోంది. ఈ వృత్తిలో నిలబడగలదా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తప్పకుండా నిలబడగలదమ్మా. వార్డులో నమ్మకం సంపాదించడానికి మాటకారితనం అక్కరలేదు. అవసరమైన విషయాన్ని అవసరమైన సమయంలో స్పష్టంగా చెప్పగలిగితే చాలు. అది అభ్యాసంతో వచ్చే నైపుణ్యమే.

రోగి విషయంలో ఏ పనైనా ముందు చెప్పి చేయడం ముఖ్యం. ఇంజెక్షన్‌కు ముందు తన పేరు చెప్పి, రోగి చేతనే ఆయన పూర్తి పేరు చెప్పించి, దాన్ని కేస్‌షీట్‌తో సరిచూసుకుని, ఏ మందు ఎందుకు ఇస్తున్నదీ రెండు ముక్కల్లో వివరిస్తే, ఆ అర నిమిషంలోనే పొరపాటుకు తావు తగ్గుతుంది, రోగికి ధైర్యమూ కలుగుతుంది. బంధువుల కోపం వెనుక చాలాసార్లు ఉండేది సమాచారం అందని ఆందోళన. డాక్టర్ ఎప్పుడు వస్తారని అడిగినప్పుడు ‘తెలియదు’ అని వెళ్లిపోకుండా, ‘కనుక్కుని పావుగంటలో చెబుతాను’ అనాలి. కచ్చితమైన జవాబు దొరకకపోయినా ఆ సమయానికి తిరిగి వెళ్లి ఆ సంగతే చెప్పాలి. అయితే ‘తప్పకుండా తగ్గిపోతుంది’ అనే హామీ ఎన్నడూ ఇవ్వకూడదు.

ఈ అనుబంధానికి హద్దు కూడా ఉంది. నర్సుకూ రోగికీ మధ్య సంబంధం పరిచయంతో మొదలై, అవసరం తీరాక ముగిసే దశలుగా సాగుతుందని అమెరికన్ నర్సింగ్ ఆచార్యురాలు హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే వివరించారు. సొంత ఫోన్ నంబరు ఇవ్వడం, వార్డు ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం వృత్తికి తగని పనులు.

సహోద్యోగులతో సంబంధాలు నా దృష్టిలో ప్రధానంగా షిఫ్టు మారే వేళ హ్యాండోవర్‌లోనే బలపడతాయి, లేదా దెబ్బతింటాయి. వేయవలసిన మందు, ఆగిన సెలైన్, రావలసిన రిపోర్టు ఏదీ దాచకుండా అప్పగించే నర్సును ఎవరైనా ఇష్టపడతారు. డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు మీ అమ్మాయి వంటివారికి ‘ఎస్‌బార్’ పద్ధతి ఎంతో ఆసరా. అమెరికా నౌకాదళం నుంచి వైద్యరంగానికి వచ్చిన ఈ పద్ధతిలో ప్రస్తుత స్థితి, నేపథ్యం, తన అంచనా, కోరుతున్న చర్య అనే నాలుగూ వరుసగా చెబుతారు. ‘నిన్న సర్జరీ అయిన పేషెంటుకు బీపీ 130/80 నుంచి 90/60కి పడిపోయింది, పల్స్ 120 ఉంది, లోపల రక్తస్రావం అవుతోందేమోనని అనుమానంగా ఉంది, వెంటనే వచ్చి చూడండి’ అన్నది అలాంటి మాటే. ఫోన్‌లో చెప్పిన ఆర్డరును రాసుకుని, తిరిగి చదివి వినిపించి, సరేననిపించుకోవాలి.

సీనియర్ల విసుగుకు తరచుగా పని ఒత్తిడే కారణం కాబట్టి, రద్దీ తగ్గాక వెళ్లి ‘సిస్టర్, ఎక్కడ సరిచేసుకోవాలి?’ అని అడగమనండి. అవమానించేలా మాట్లాడితే మాత్రం సహించనక్కరలేదు; ఇన్‌చార్జ్ సిస్టరుకో, నర్సింగ్ సూపరింటెండెంటుకో తెలపాలి. ఆయాలను, వార్డ్ బాయ్‌లను ‘మీరు’ అని పిలవడం కూడా అలవరచుకోవాలి, ఎందుకంటే రాత్రి డ్యూటీలో రోగిని పక్కకు తిప్పడానికి ముందుగా వచ్చేది వారే.

ఇప్పటి నుంచే రోజూ ఒక కేసును ఎస్‌బార్ వరుసలో రాసి, మీకు వినిపించమనండి. రేపు బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లాలనుకుంటే రాయదగిన, వైద్యరంగం వారికోసం పెట్టే ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్షలో, స్పీకింగ్ విభాగంలో రోగితో లేదా బంధువుతో మాట్లాడే రెండు రోల్‌ప్లేలు ఉంటాయి. ఈ సాధన వాటికీ పనికివస్తుంది.