మామ్ టార్‌కి ఒక్కడివే వెళ్లొచ్చా అంటే

తమ్ముడూ, మాంచెస్టర్ వచ్చి రెండు నెలలే అయింది, ఒక్కడినే పీక్ డిస్ట్రిక్ట్‌లోని మామ్ టార్ కొండ ఎక్కొచ్చా అని అడిగావు. ఎక్కొచ్చు, ఎత్తు 517 మీటర్లే, తిరుమల మెట్లెక్కినోడికి అదో లెక్క కాదు. కానీ ఒక్కడివే మాత్రం వెళ్లకు.

నేనొచ్చిన మొదటి ఏడాది డిసెంబర్‌లో ఓ ఆదివారం, రూమ్‌లో గోడలు చూసి చూసి పిచ్చెక్కి ఎవరికీ చెప్పకుండా ఆ కొండ దగ్గరి ఊరు ఈడేల్‌కి రైలెక్కేశా. జీన్స్ ప్యాంటు, మామూలు బూట్లు, లోపల కాటన్ బనీను. కొండ గట్టు మీది కనుమ, హాలిన్స్ క్రాస్ దాకా బానే ఉంది, అక్కణ్ణుంచి గట్టు మీద గాలి మొదలైంది చూడూ, చెమటకి తడిసిన బనీను ఒంటికి అతుక్కుపోయి ఎముకలు కొరికే చలి. శిఖరం మీద రాతి దిమ్మ చాటున కూర్చుని పులిహోర డబ్బా మూత తీద్దామంటే వేళ్లు వంగలేదు. నాలుగు కాకుండానే పొద్దుగూకింది, మబ్బు కమ్మింది, చలికి ఫోన్ ఆగిపోయింది. తూర్పు వైపు కొండ విరిగిపడి నిలువునా ఉంటుంది, అటు అడుగేస్తే అంతే. కుక్కని తిప్పడానికొచ్చిన ముసలి దంపతుల టార్చ్ వెనకాలే దిగా. నేనెక్కడున్నానో ఈ దేశంలో ఒక్కరికీ తెలీదు అన్న సంగతి అప్పుడు తట్టింది, చలి కంటే దానికే ఎక్కువ వణికా.

ఆ తర్వాతే మనవాళ్లని వెతుక్కున్నా. ఇప్పుడు నా పిల్లలు కూడా ఆ కొండని ఇంటి పెరడులా తిరిగేస్తారు. పైన చుట్టూ కనబడే మట్టికట్టలు పాతకాలపు కోటవి, సుమారు 3000 ఏళ్ల కిందటే జనం అక్కడ గుడిసెలేసుకుని బతికారు, మీ బ్యాచ్ వాళ్లు రీల్ తీసుకుని వచ్చేస్తారు గానీ అవి చూడరు. జారిపడ్డ మట్టి కింద పిల్లల్లా చిన్న చిన్న గుట్టలైంది, అందుకే మామ్, అంటే తల్లి కొండ అంటారు. ఆ జారుడికే కింద పాత రోడ్డుని 1979లో మూసేశారు, తారు పొరలు పొరలుగా చీలి ఉంటుంది, తప్పక చూడు. హాలిన్స్ క్రాస్ మీదుగా ఒకప్పుడు ఈడేల్ వాళ్లు శవాల్ని హోప్ అనే ఊళ్లోని చర్చికి మోసుకెళ్లేవాళ్లు. పోయినోడికి కూడా ఆ దారిలో నలుగురు తోడున్నారు, నీకెందుకు ఉండకూడదు?

రైలు టైములు, పార్కింగ్ నువ్వే చూసుకో. ఆపదొస్తే 999 కొట్టి పోలీస్ అను, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అను. కాటన్ వద్దు, టార్చ్ ఉండాలి. వచ్చే ఆదివారం మేం వెళ్తున్నాం, వచ్చెయ్. పులిహోర మేం తెస్తాం, నువ్వు ఫ్లాస్క్‌లో టీ పట్రా.