టెక్ సందేహాలు: ఒకే పురుగుకి మూడు పేర్లు, ఏది నమ్మాలి?

ప్రశ్న: పెరట్లో పూల మీద వాలే పసుపు చారల పురుగును ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో చూస్తే ఒకసారి తేనెటీగ అంది, ఇంకోసారి కందిరీగ అంది. మరో యాప్ సిర్ఫిడ్ ఈగ అని చెప్పింది. పిల్లలు అక్కడే ఆడుకుంటారు, కుడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?

మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. టెన్షన్ వద్దు, అది సిర్ఫిడ్ ఈగే, అంటే తేనెటీగలా కనిపించే ఒక రకం ఈగ. దానికి కొండి ఉండదు. ఫొటోలో తల దగ్గర చూడండి. కళ్లు ముఖమంతా ఆక్రమించాయి, మీసాలు మాత్రం ఉన్నాయా లేవా అన్నంత పొట్టిగా ఉన్నాయి. తేనెటీగకైనా కందిరీగకైనా మీసాలు పొడవుగా, మోచేయిలా వంగి కనిపిస్తాయి. ఈగకు రెక్కలు ఒక జత, తేనెటీగకు రెండు జతలు అని పుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే కానీ, తేనెటీగ తన ముందు రెక్కలకు వెనక రెక్కలను సన్నని కొక్కేలతో తగిలించి ఒకటిగా ఆడిస్తుంది. అందుకే ఫొటోలో రెక్కలు లెక్కపెట్టబోతే పొరబడతాం. మీసాలే నమ్మకమైన గుర్తు.

మరి యాప్‌లు ఎందుకు తడబడ్డాయి? లెన్స్ మీ ఫొటోను పోలిన బొమ్మలను వెతికి చూపిస్తుంది. పసుపు, నలుపు చారలుంటే తేనెటీగ, కందిరీగ, వాటి వేషం వేసిన ఈగ అన్నీ దానికి ఒకేలా కనిపించవచ్చు. ప్రకృతి కోసమే తయారైన ఐనేచురలిస్ట్ లాంటి యాప్ బొమ్మతో పాటు, ఆ జీవి మీ ప్రాంతంలో ఉండే అవకాశం ఎంతో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. 2008లో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఈ వేదికలో, యాప్ ఇచ్చిన పేరును తెలిసినవాళ్లు చూసి సరిదిద్దుతారు. నేను దీనికే ఓటేస్తాను. అకౌంటు తెరవడం ఇష్టం లేకపోతే వాళ్లదే సీక్ అనే యాప్ ఉంది. కెమెరాను పురుగు వైపు తిప్పితే పైన చుక్కలు ఒక్కొక్కటే నిండుతాయి. ఒక్కో చుక్క జీవుల వర్గీకరణలో ఒక్కో మెట్టు, క్రమం, కుటుంబం, ప్రజాతి దాటి చివరికి జాతి వరకు వెళ్తుంది. కుటుంబం దగ్గరే ఆగిపోయిందా? అక్కడితో సంతోషించండి. చాలా పురుగుల జాతిని మైక్రోస్కోపు కింద తప్ప నిపుణులు కూడా తేల్చలేరు. యాప్ తొందరపడి చెప్పిన పూర్తి పేరు కన్నా, కచ్చితంగా తెలిసిన సగం పేరు మేలు.

ఫొటో విషయంలో చిన్న మార్పు చేయండి. ఫోన్‌ను పురుగు మీదికి ఆనించేస్తే ఫోకస్ కుదరదు. జానెడు దూరంలో ఉండి, రెండు రెట్లు జూమ్ చేసి, పురుగు మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడే నిలుస్తుంది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం కనిపించేలా ఒకటి తీయండి. ఈ మూడో ఫొటోనే చాలామంది తీయరు. మీ సందేహం తీరింది దానితోనే.

ఇంకొక మాట. చాలా రకాల సిర్ఫిడ్ ఈగల పిల్లలు మొక్కల రసం పీల్చే పేనుబంకను తింటాయి. అక్షింతల పురుగు పిల్లలు కూడా అంతే. నల్లగా, నారింజ మచ్చలతో బుల్లి మొసళ్లలా ఉంటాయి. చాలా ఏళ్ల కిందట వాటిని చీడ అనుకుని నా చేతులతోనే ఏరి పారేశాను. ఆ తర్వాత వారం తిరక్కుండానే కొమ్మలన్నీ పేనుబంకతో నిండిపోయాయి. అందుకే అడుగుతున్నాను, మందు కొట్టేముందు ఒక్క ఫొటో తీసి చూడండి.

ప్రశ్న: తెల్లవారకముందే ఏదో పక్షి కూస్తుంది, ఎప్పుడూ కనిపించదు. గొంతు విని పేరు చెప్పే యాప్ ఉందా?

ఉంది. కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ ఉచితంగా ఇస్తున్న మెర్లిన్. గొంతును గుర్తుపట్టే సౌకర్యం దీనికి 2021లో వచ్చింది. ముందుగా మీ ప్రాంతం పక్షుల ప్యాక్ డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా కిటికీ గట్టు మీద పెట్టండి, వేళ్ల రాపిడి కూడా రికార్డవుతుంది. కూత వినిపించిన ప్రతిసారీ తెర మీద గీతలు కదులుతాయి, కింద పేరు వెలుగుతుంది. ఒకే ఒక్కసారి వెలిగి ఆరిపోయిన పేరును పట్టించుకోకండి. ఇతర పక్షుల గొంతులను అనుకరించే పక్షులు యాప్‌ను కూడా బురిడీ కొట్టిస్తాయి. యాప్‌లో ఉన్న కూతలను గట్టిగా వినిపించి పక్షిని పిలవాలని మాత్రం చూడకండి. తన చోటులోకి వేరే పక్షి వచ్చిందనుకుని, గూడు వదిలి వెతుకుతూ తిరుగుతుంది.

ప్రశ్న: ఐనేచురలిస్ట్‌లో ఫొటో పెడితే మా ఇల్లు ఎక్కడో అందరికీ తెలిసిపోతుందా?

ఏమీ మార్చకపోతే తెలుస్తుంది. ఫొటోలోని జీపీఎస్ వివరం మ్యాప్ మీద చుక్కగా పడుతుంది. ఒక్కో ఫొటో ఎక్కించేటప్పుడు లొకేషన్ గోప్యత అనే చోట 'అస్పష్టం' అన్న అర్థం వచ్చే ఎంపిక ఉంటుంది. అది నొక్కితే చుక్క మీ ఇంటి మీద కాకుండా, అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట పడుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ గడి సుమారు 22 కిలోమీటర్ల వెడల్పు. ఇంటి ఫొటోలకు నేను ఎప్పుడూ అదే పెడతాను.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య మరొకటి ఉంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో ఎక్కిస్తే అసలు తేదీ, చోటు రెండూ ఉండవు, అవి దారిలోనే తొలగిపోతాయి. తీసినవాళ్లను డాక్యుమెంటుగా పంపమనండి.

ప్రశ్న: రాత్రి కుండీలు తవ్వుతున్నదేదో తెలియడం లేదు. పాత ఫోన్ సరిపోతుందా?

చీకట్లో సరిపోదు. ఒంటి వేడి కదలికను పసిగట్టి తనంతట తానే తీసే ట్రైల్ కెమెరా కావాలి. కొనేటప్పుడు 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని వెలుగు) ఉన్నది చూడండి, 850 రకంలో సన్నని ఎర్ర వెలుగు కనిపిస్తుంది. కుండీకి రెండు మూడు మీటర్ల దూరంలో, మోకాలి ఎత్తున కట్టండి. రోజూ పొద్దున్నే లెన్స్ తుడవాలి. సాలీడు ముందు గూడు అల్లితే, మర్నాడు మీకు కనిపించేది తెల్లగా మెరిసే దారాలే. వచ్చిన బొమ్మ నలుపు తెలుపుల్లో ఉంటుంది కాబట్టి రంగు కోసం చూడకుండా, తోక పొడవూ చెవుల ఆకారమూ చూడండి. కనిపించింది పాము అయితే దగ్గరికెళ్లి ఫొటో తీయొద్దు, విషం ఉందో లేదో యాప్‌ను అడిగి నిర్ణయించుకోవద్దు.