కుట్టు క్లాసుల కోసం 3 లక్షల గోల్డ్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. నాకు 41 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మామూలు నెలల్లో ఖర్చులు పోను 16 వేల దాకా మిగులుతుంది, శ్రావణంలో, పెళ్లిళ్లప్పుడు 30 వేలు దాటుతుంది. మావారు ఆటోనగర్‌లో పనిచేస్తారు, జీతం 22 వేలు. పాప ఇంటర్ సెకండియర్, బాబు తొమ్మిదో తరగతి. మా వీధిలో కుట్టుపని వచ్చినవాళ్లం ఐదుగురం మధ్యాహ్నాలు మా ఇంట్లో కూర్చుని కుట్టుకుంటాం. నేర్పమని చాలామంది అడుగుతున్నారు. అందరం కలిసి ఒక గది తీసుకుని క్లాసులు పెట్టి, ఆదివారాలు పిల్లలకీ ఆడవాళ్లకీ చిన్న చిన్న కుట్టుపనులు చేయిద్దామనుకుంటున్నాం. ఐదు పవర్ మిషన్లు (మోటారుతో నడిచేవి), గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి కలిపి 1.65 లక్షలు అవుతాయి. షట్టర్ గదికి అడ్వాన్స్ 60 వేలు, అద్దె 12 వేలు. బల్లలు, ఫ్యాన్లు, బోర్డు 45 వేలు. మూడు నెలల అద్దె చేతిలో ఉంచుకుంటే మొత్తం 3 లక్షలు దాటుతోంది. బ్యాంకులో 90 వేలున్నాయి, అవి ముట్టుకోను. నా 8 కాసుల బంగారం మీద రూపాయి వడ్డీకి 3 లక్షలు ఇస్తామన్నారు, మూడేళ్లలో వాయిదాల్లో కట్టాలి. నెలకు 1,500 ఫీజు పెడితే 20 మందికి 30 వేలు వస్తుంది కదా. తీసుకోమంటారా? 2 లక్షల చీటీ కూడా ఉంది, 40 నెలల్లో 13 కట్టాను, పాడుకోనా? జీఎస్టీ, రిజిస్ట్రేషన్ లాంటివి ఏమైనా కావాలా?

జవాబు: గోల్డ్ లోన్ ఇప్పుడు వద్దమ్మా. గది కూడా వద్దు. క్లాసులు మాత్రం పెట్టండి, వచ్చే నెలలోనే, మీ ఇంట్లోనే. ఎందుకంటున్నానో లెక్క వేసి చెప్తాను, పక్కన ఒక కాగితం పెట్టుకోండి.

మీరు రాసిన 30 వేలు ఎప్పుడొస్తాయి? 20 మందీ చేరి, మధ్యలో ఎవరూ మానకుండా నెలనెలా ఫీజు కడితే వస్తాయి. ఖర్చు అలా కాదు, ఒక్కరు కూడా రాకపోయినా అది వస్తుంది. అద్దె 12 వేలు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, 3 లక్షలు 36 నెలల్లో తీర్చాలంటే నెల వాయిదా దగ్గర దగ్గర 10 వేలు. ఆరు మోటార్లు, ఫ్యాన్లు, లైట్లు, ఇస్త్రీ పెట్టె కలిపి కరెంటుకి 2 వేలు వేద్దాం. సూదులు, దారం, ఆయిలు, రిపేర్లకి 1,500. అన్నీ కలిపితే 25,500. దీన్ని మీ ఫీజు 1,500తో భాగించండి, 17 వస్తుంది. అంటే 17వ మనిషి కట్టే ఫీజు కూడా ఖర్చులకే పోతుంది, మీ సంపాదన మొదలయ్యేది 18వ మనిషి దగ్గర. 20 మందీ నిండితే మిగిలేది 4,500. పన్నెండు మందే వచ్చారనుకోండి, నెలకు 7,500 ఎదురు పెట్టుకోవాలి, అదీ బంగారం తాకట్టులో ఉండగా.

పైగా మీ లెక్కలో అసలు రాని ఖర్చు ఒకటుంది, అది మీ టైము. రెండు బ్యాచ్‌లు, రెండేసి గంటలంటే రోజుకు నాలుగు గంటలు పోతాయి. ఆ నాలుగు గంటల్లో మీ చేతికి ఎంత పని అవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. తక్కువలో తక్కువ ఒక లైనింగ్ జాకెట్టు అనుకుని, దానికి కుట్టుకూలి 400 వేసుకున్నా 25 రోజులకి 10 వేలు. మిగిలిన 4,500 లోంచి ఈ 10 వేలు తీసేయండి. గది నిండా 20 మంది కూర్చున్న నెలలో కూడా మీరు ఇప్పటికంటే 5,500 తక్కువ సంపాదిస్తారు! మూడేళ్లు ఇలా లాగితే లోను తీరి మిషన్లు మీవవుతాయి, నిజమే, కానీ మూడేళ్లు వాడిన మిషన్ల కోసం ఇంత టెన్షన్ అవసరమా?

ఇక మిషన్ల విషయం. నేర్చుకునేవాళ్లకి పవర్ మిషన్లు ఎందుకు? వేగంగా పని లాగేవాళ్లకి అవి మంచివే, ఫాల్స్‌కో, పెద్ద ఆర్డర్లకో అయితే నేను మాట్లాడను. మొదటి రోజు వచ్చిన అమ్మాయి పవర్ మిషన్ పెడల్ మీద కాలు పెడితే గుడ్డ పరిగెడుతుంది, వెనకాల వేలు పరిగెడుతుంది. గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం దించకుండా కుట్టేసి, కింద దారం ఉండలా చుట్టుకుపోయి, ఆ దారం ఉండే బాబిన్ కేస్ బయటికి తీయడం రాక లాగితే సూది విరుగుతుంది. ఇదంతా మామూలు తొక్కుడు మిషను మీద జరిగితే పది రూపాయల సూదితో పోతుంది. అదీగాక మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంటికెళ్లి కూర్చునేది పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత మిషను ముందే, దాని మీదే చేయి తిరగాలి వాళ్లకి.

కాబట్టి నా సలహా ఇది. మీ ఇంట్లోనే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, ఆరుగురితో ఒక్క బ్యాచ్. మీవి రెండు మిషన్లుంటే మూడోది మీ ఐదుగురిలో ఎవరో ఒకరిది తెచ్చి పెట్టండి. ఆరుగురికి మూడు మిషన్లు చాలు, ఎందుకంటే కటింగ్ నేర్చుకోవడానికి మిషను అక్కర్లేదు. ముగ్గురు కుడుతుంటే ముగ్గురు కొలతలు తీసుకోవడం, బ్రౌన్ పేపర్ మీద గీసి కత్తిరించడం చేస్తారు, గంటకి మార్చండి. మొదటి రెండు వారాలు ఎలాగూ అందరూ పేపరు మీదే ఉంటారు. ఫీజు ఆరుగురికి 9 వేలు. దారం, కరెంటు వెయ్యి. రెండు గంటలు పోతున్నాయి కాబట్టి రోజుకు సగం జాకెట్టు, నెలకు 5 వేలు తీసేయండి. 3 వేలు మిగిలింది. చిన్న మొత్తమే, కానీ మిగిలింది, పోలేదు. అప్పు లేదు.

ఫీజు నెలనెలా తీసుకోకండి. మూడు నెలల కోర్సుకి 4,500 అయితే చేరేటప్పుడు 2,500, రెండో నెల మొదట్లో 2,000 తీసుకోండి. కుట్టు క్లాసుల్లో జనం జారిపోయేది రెండో నెలలోనే. చేతులు, మెడ దాకా హుషారుగా వస్తారు, కప్పు, డార్ట్‌ల (ఒంటికి అతికేలా వేసే మడత కుట్ల) దగ్గర ఫిట్టింగ్ కుదరక విసుగొచ్చి మానేస్తారు. ఫీజు ముందే కట్టినవాళ్లు ఆ వారం దాటేస్తారు, దాటితే నేర్చుకుంటారు. ఇది మీకూ మంచిదే, వాళ్లకీ మంచిదే.

ఇంకో మాట, ఏం నేర్పాలి అన్నది కూడా డబ్బు సంగతే. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లకి నెలరోజుల కుట్టు శిక్షణ ఉచితంగా ఇస్తారు, భోజనంతో సహా. అలాంటివి చుట్టుపక్కల ఉండగా గౌన్లు, పంజాబీ డ్రెస్సులు, లంగాలు, జాకెట్లు అన్నీ నేర్పుతాం అని బోర్డు పెడితే మీకు 4,500 ఎందుకివ్వాలి అంటారు. మీ పేరు జాకెట్టు ఫిట్టింగ్‌తో కదా వచ్చింది, అదొక్కటే నేర్పండి. ఇప్పటికే మిషను తొక్కడం వచ్చి, తన జాకెట్టు తానే కుట్టుకోలేక బయట ఇచ్చేవాళ్లు మీ కాలనీలో ఎంతమంది ఉన్నారో చూడండి. వాళ్లే మీ విద్యార్థులు.

ఆదివారం కార్యక్రమాల ఆలోచన నాకు క్లాసుల కంటే ఎక్కువ నచ్చింది. ఒక్క పూట, ఒక్క వస్తువు. పాత పట్టుచీరతో పాపకి లంగా, చీరకి ఫాల్ వేయడం, జిప్పు మార్చడం, గుడ్డ సంచి. 2022 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటి మీద నిషేధం ఉంది, గుడ్డ సంచి కుట్టడం వస్తే పచారీ షాపుల నుంచి ఆర్డర్లు కూడా అడగొచ్చు. వేసవి సెలవుల్లో పదేళ్లు దాటిన పిల్లలకి బొత్తాం కుట్టడం, హెమ్మింగ్, చేతికుట్టు నేర్పండి, తల్లులు సంతోషంగా పంపిస్తారు. దీనికి గది అక్కర్లేదు, ఏదైనా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు అడిగితే చాలు, అక్కడి ఆడవాళ్లే మీ కస్టమర్లు. వస్తువులతో కలిపి మనిషికి 300 పెట్టండి. వన్ టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్లి లైనింగ్ గుడ్డ, కాటన్ గుడ్డ తానుల లెక్కన తెచ్చుకుంటే మీటరు మీద తేడా మీకు మిగులుతుంది. టేపు, చాక్, కత్తెర, రెండు బాబిన్లు కలిపి ఒక కిట్‌లా కూడా అమ్మొచ్చు.

వేసవి అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఏప్రిల్, మే నెలల్లో క్లాసులకీ గిరాకీ, పెళ్లి జాకెట్లకీ గిరాకీ, రెండూ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు క్లాసు మీరు చెప్పకండి. మీ ఐదుగురిలో నేర్పే ఓపిక ఉన్నవాళ్లకి క్లాసుకి ఇంత అని ఇచ్చేయండి, మీరు మిషను ముందు కూర్చోండి, మీ చేతికి వచ్చే డబ్బు అక్కడే ఎక్కువ. మీ దగ్గర కోర్సు పూర్తయినవాళ్లకి హుక్కులు, కాజాలు, హెమ్మింగ్ పని పీసు లెక్కన ఇస్తే మీరు రోజుకు ఇంకో జాకెట్టు ఎక్కువ దించగలరు. క్లాసుల వల్ల అసలు లాభం నాకు ఇక్కడ కనిపిస్తోంది. కానీ ఫీజు కట్టి నేర్చుకుంటున్నవాళ్లతో కస్టమర్ల పని ఊరికే చేయించుకోకండి, పేరు పోతుంది.

‘అందరం కలిసి’ అని రాశారు గానీ బంగారం మాత్రం మీ ఒక్కరిదే పెడుతున్నారు. ఐదుగురు కలిసి నడిపేదానికి ఒక్కరి తాకట్టు ఏమిటి? రేపు ఇద్దరికి కుదరక మానేస్తే మిషన్లు ఎవరివి, అడ్వాన్స్ ఎవరిది? ఎంత స్నేహమైనా సరే, ఎవరి మిషను ఏదో, ఎవరికి ఎంత వస్తుందో, మానేస్తే ఏం తీసుకెళ్తారో ఒక పేజీలో రాసి ఐదుగురూ సంతకాలు చేయండి. ఫీజుల డబ్బు మీ ఇంటి ఖాతాలోకి రానివ్వకండి, వేరే ఖాతా పెట్టి ఇద్దరి సంతకం ఉంటే గాని తీయలేని విధంగా చేసుకోండి.

గది ఎప్పుడు తీసుకోవాలి? ఆరుగురి బ్యాచ్‌లు వరసగా రెండు నిండి, మూడోదానికి కనీసం పదిమంది తలా 500 అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తుంటే అప్పుడు. ‘వస్తాం అక్కా’ అన్నవాళ్లని లెక్కలోకి తీసుకోకండి, 500 కట్టినవాళ్లనే తీసుకోండి. అప్పుడు కూడా ఉదయం పూట ఆ గదిలో మీ ఐదుగురూ సొంత కుట్టుపని చేసుకుంటే మిగతా నలుగురూ నెలకు తలా వెయ్యి ఇచ్చినా అద్దె మీ మీద 8 వేలే పడుతుంది.

ఆ గది కింది అంతస్తులో షట్టరు కాకుండా చూసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్‌ని ఎలా ముంచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మిషను తలకాయ ఆరబెట్టి ఆయిలు వేస్తే తిరుగుతుందేమో గాని మోటారు తిరగదు. మేడమీద గది కొంచెం తక్కువ అద్దెకే వస్తుంది, బోర్డు కింద కనిపించేట్టు పెట్టుకుంటే సరిపోతుంది. గది తీసుకున్న రోజే సామానుకి ఇన్సూరెన్స్ చేయించండి. ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అని చిన్న వ్యాపారాల కోసమే ఒక పాలసీ ఉంది, 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు ఇస్తున్నాయి, అగ్నిప్రమాదంతో పాటు వరద కూడా అందులో ఉంటుంది.

మిషన్ల కోసం అప్పు కావాల్సి వస్తే బంగారం కంటే ముందు చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ చూడండి. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి, దర్జీ పని అందులో ఒకటి. మొదటి విడత లక్ష వరకు హామీ లేకుండా 5 శాతం వడ్డీకి ఇస్తారు, 18 నెలల్లో కట్టాలి, నెలకు సుమారు 5,800 పడుతుంది. పనిముట్లకి 15 వేల వరకు విడిగా వస్తుంది, శిక్షణకి వెళ్లిన రోజులకి రోజుకు 500 ఇస్తారు. ఇంట్లో ఒక్కరికే ఇస్తారు, గత ఐదేళ్లలో ముద్ర లోన్ తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే రాదు. ముందు కామన్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి దర్జీ విభాగంలో దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో అడగండి, తర్వాతే దాన్ని లెక్కలో వేసుకోండి.

చీటీ ఇప్పుడు పాడొద్దు. 14వ నెలలో 2 లక్షల చీటీని లక్షన్నరకి పాడితే 50 వేలు అక్కడే వదులుకున్నట్టు, పైన ఇంకా 27 నెలలు వాయిదాలు కట్టాలి. పాపకి వచ్చే ఏడాది ఇంజినీరింగో డిగ్రీయో, ఏదైనా ఫీజులు తప్పవు కదా, ఆ చీటీనీ బంగారాన్నీ దానికోసం ఉంచండి. అది రిజిస్టర్డ్ కంపెనీ చీటీనా, కాలనీలో ఎవరో నడిపేదా మీరు రాయలేదు. రెండోదైతే వాయిదా కట్టిన ప్రతిసారీ పుస్తకంలో సంతకం చేయించుకోండి. 90 వేలు ముట్టుకోనన్నారు చూశారా, ఆ మాట మీద ఉండండి. మీవారు చేసేది మిషన్ల మధ్య పని కాబట్టి బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందో లేదో పాస్‌బుక్కులో చూడండి, ప్రమాదంలో ఏమైనా అయితే 2 లక్షల వరకు వస్తుంది.

జీఎస్టీ మీకు అక్కర్లేదు, సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆ గొడవ. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం చేయించుకోండి, బ్యాంకు లోనుకి వెళ్లినప్పుడు పనికొస్తుంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. నెట్ సెంటర్ అబ్బాయి ఫారం నింపి ప్రింట్ తీసినందుకు యాభయ్యో వందో అడిగితే ఇవ్వండి, ప్రభుత్వ ఫీజు అని వెయ్యి అడిగితే లేచి పక్క సెంటర్‌కి వెళ్లండి.