రాత్రిపూట తిండి గురించి అడిగిన మిర్యాలగూడ సహోదరికి

సహోదరీ, ప్రభువు నామమున వందనములు. అత్తగారితో మాట పడిన రాత్రులు అందరూ నిద్రించాక సకినాల డబ్బా ముందు కూర్చుంటున్నారని, అది మానడానికి పట్టిన ఉపవాసం మూడో రోజే తప్పడంతో దేవుడు విడిచిపెట్టాడేమోనని భయపడుతున్నారని రాశారు.

ముందుగా ఆ ఉపవాసాన్ని ఆపండి. పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రికి శరీరం రెట్టింపు అడుగుతుంది. తిన్నందుకు శిక్షగా మీరు మరునాడు మళ్లీ పస్తుంటున్నారు. బైబిలులో అలసిపోయి చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దేవుడు గద్దించలేదు, దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించి, నిద్రపోనిచ్చి, ఆ తరువాతే అతనితో మాట్లాడాడు. కనుక మీరు కూడా పొద్దుగూకగానే జొన్నరొట్టె, పప్పు తృప్తిగా తినండి.

మా అమ్మ చనిపోయిన ఏడాది నల్లగొండలో నేనూ వంటింట్లో లైటు వేయకుండా నిలబడి తినేదాన్ని. డబ్బా మూత మీద చెయ్యి ఉంచి, తెరవక ముందే "ప్రభువా, ఇది ఆకలి కాదు, దుఃఖం" అని పైకి పలకడం అలవాటు చేసుకున్నాను. అలా పలికి కూడా తెరిచిన రాత్రులు చాలా ఉన్నాయి, అయినా మరునాడు మళ్లీ పలికాను.

మీ పాస్టరమ్మగారితో ఒక్కసారి మనసు విప్పి మాట్లాడండి. అదుపు లేకుండా తినడం వారానికి ఒకసారైనా చొప్పున 3 నెలలుగా సాగుతుంటే వైద్యులు దానిని చికిత్స ఉన్న జబ్బుగానే చూస్తారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.