గ్యారేజ్ డోర్ అరడుగు లేచి ఆగిపోతోందా? బటన్ మళ్లీ నొక్కకండి

రాత్రి గ్యారేజ్‌లో ఏదో పేలినంత శబ్దం, పొద్దున బటన్ నొక్కితే డోర్ అరడుగు లేచి ఆగిపోతోంది, మోటార్ మూలుగుతోంది, కొత్త మోటార్ కొనాలా, నేనే బాగు చేసుకోవచ్చా అని అడిగారు. మోటార్ కాదండీ, దాదాపు ఖాయంగా స్ప్రింగ్ తెగింది. ఆ పేలుడు శబ్దం దానిదే.

లోపల నిలబడి, మూసిన డోర్ పైన అడ్డంగా ఉండే ఇనప రాడ్డు చూడండి. దాని మీదున్న లావుపాటి స్ప్రింగ్ చుట్ల మధ్య ఎక్కడో ఒకటి రెండు అంగుళాల ఖాళీ కనిపిస్తే అంతే, దొరికింది. కొన్ని డోర్లకు పైన రాడ్డు మీద కాకుండా రెండు పక్కలా ట్రాకుల వెంట సాగే స్ప్రింగులుంటాయి, అవైతే తెగి వేలాడుతూ కనిపిస్తాయి.

మా ఇంట్లో డోర్ స్ప్రింగ్ తెగినప్పుడు నాకు ఇదంతా తెలీదు. డోర్‌ని ఎత్తేది మోటారే అనుకుని, ఆఫీసుకు టైమైపోతోందన్న టెన్షన్‌లో ఐదారుసార్లు బటన్ నొక్కాను. అసలు బరువు మోసేది స్ప్రింగ్. అది సరిగ్గా ఉంటే అంత పెద్ద డోర్‌ని ఒంటి చేత్తో లేపొచ్చు, మోటార్ ఊరికే కాస్త తోస్తుంది. స్ప్రింగ్ లేకుండా నేను నొక్కేసరికి పై ప్యానెల్ వంగింది, మోటార్ లోపలి ప్లాస్టిక్ గేర్ పళ్లు అరిగిపోయాయి. స్ప్రింగ్ ఒక్కటితో పోయేదానికి మూడింటికి డబ్బు కట్టాను.

ఎందుకు తెగిందంటే, వయసైపోయి. మామూలు స్ప్రింగులు సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికని చేస్తారు. రోజుకి నాలుగుసార్లు వాడే ఇంట్లో లెక్కేస్తే ఏడేళ్లు కూడా నిండవు. రెండు స్ప్రింగులుంటే రెండూ ఒకేసారి మార్పించండి, రెండోదీ అన్నే ఏళ్లు పనిచేసింది కదా.

మీరే మార్చొచ్చా అంటే, వద్దు. నేను మిగతావన్నీ సొంతంగా చేసుకునే రకమే, దీని జోలికి మాత్రం వెళ్లను. ఆ స్ప్రింగ్‌ని రాడ్లతో బిగించేటప్పుడు చెయ్యి జారితే ఎముకలు విరుగుతాయి. డోర్ అడుగు మూలల్లో కేబుల్ తగిలించిన బ్రాకెట్ స్క్రూలు కూడా విప్పకండి, స్ప్రింగ్ బలమంతా ఆ కేబుళ్ల మీదే ఉంటుంది. కారు లోపల ఇరుక్కుంటే, డోర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడు మాత్రమే పైన మోటార్ దగ్గర వేలాడే ఎర్ర తాడు (డోర్‌ని మోటార్ నుంచి విడదీసేది) లాగి, ఇద్దరు ముగ్గురు కలిసి ఎత్తి, పైన గట్టిగా ఆనించాకే కారు తీయండి. లేచి ఉన్నప్పుడు ఆ తాడు లాగితే డోర్ మొత్తం ధబీమని కింద పడుతుంది.

కొత్త స్ప్రింగ్ వేశాక మెకానిక్ వెళ్లకముందే ఒకటి చూడండి. డోర్ మూసి, ఎర్ర తాడు లాగి, చేత్తో సగం దాకా లేపి వదిలేస్తే అక్కడే నిలబడాలి. కిందకో పైకో జరిగిందంటే బిగింపు సరిపోలేదు, మళ్లీ సరిచేయమనండి.

మీ రెండో ప్రశ్న, మూస్తుంటే సగంలో మళ్లీ పైకి వెళ్లిపోవడం, అది వేరే సంగతి. నేల నుంచి ఆరంగుళాల లోపు రెండు పక్కలా చిన్న సెన్సార్లుంటాయి, మధ్యలో ఏదైనా అడ్డుంటే డోర్‌ని వెనక్కి పంపేవి అవే, చీపురు తగిలినా పక్కకి తిరిగిపోతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, రెంటి లైట్లూ నిలకడగా వెలిగేదాకా ఎదురెదురుగా తిప్పండి. సాయంత్రమే ఇలా అవుతోందంటే ఎండ నేరుగా సెన్సార్ మీద పడుతోందేమో చూడండి. అడ్డొస్తున్నాయని వాటిని పీకేసేవాళ్లున్నారు, పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి.

కీచుమంటే హింజెలకీ రోలర్లకీ తెల్ల లిథియం గ్రీజో సిలికాన్ స్ప్రేనో కొట్టండి. ట్రాకుల్లో మాత్రం వద్దు, దుమ్ము పట్టి ముద్దవుతుంది, గుడ్డతో తుడిస్తే చాలు.

వీలైతే ఆ స్ప్రింగ్ ఫొటో ఒకటి పెట్టండి, ఏ రకమో చూసి చెప్తాను.