డైలాగులకి పెంచడం, ఫైటుకి తగ్గించడం

కొత్తగా అమెరికా వచ్చిన మనవాళ్లు కారు ఇన్సూరెన్సు, క్రెడిట్ హిస్టరీ గురించి అడగడం అయ్యాక, కాస్త చనువు వచ్చాక అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇంట్లో సినిమా పెడితే హీరోయిన్ ఏమంటుందో వినపడదు, సౌండ్ పెంచితే వెంటనే ఫైటొచ్చి పిల్లాడు లేచి కూర్చుంటాడు, టీవీ పాడైందంటావా?" అని. టీవీకేం కాలేదు తమ్ముడూ, తొందరపడి కొత్తది కొనకు.

నేను కొన్నాను కాబట్టి చెప్తున్నా. వచ్చిన మొదటి ఏడాది థాంక్స్‌గివింగ్ సేల్‌లో పెద్ద సబ్‌వూఫర్ (బేస్ కోసం విడిగా ఉండే స్పీకర్) ఉన్న సౌండ్‌బార్ తెచ్చి, మూడో అంతస్తులో చెక్క నేల మీద పెట్టి, రాత్రి పదకొండింటికి ఇంటర్వెల్ ఫైట్ చూశాం. మర్నాడు తలుపుకి లీజింగ్ ఆఫీసు వాళ్ల నోటీసు. మన ఊళ్లో ఫ్లాట్లకి కాంక్రీట్ శ్లాబు ఉంటుంది, ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లు చెక్క ఫ్రేము మీద కట్టినవి. గోడలకి చెవులుంటాయంటారు కదా, ఇక్కడ నేలకీ ఉంటాయి. మాటలు ఆగినా బేస్ ఆగదు, కింద వాళ్ల మంచం దాకా పోతుంది. మీ లీజులో క్వయట్ అవర్స్ (చప్పుడు చేయకూడని వేళలు) ఎన్నింటికి మొదలో ముందు చూసుకోండి, చాలాచోట్ల రాత్రి పదికే.

అసలు తేడా ఎక్కడుందంటే, సినిమాకి ఫైనల్ మిక్స్ (మాటలు, మ్యూజిక్, చప్పుళ్లు కలపడం) చేసేది థియేటర్ లాంటి గదిలో, ఒక్కో స్పీకర్‌ని 85 డెసిబెల్స్‌కి సరిచేసుకుని. గట్టి శబ్దాలకి దాని మీద ఇంకో 20 డెసిబెల్స్ చోటుంటుంది, అంటే 105 దాకా వెళ్లొచ్చు. మనం ఇంట్లో అంత పెట్టుకోలేం, మొత్తం తగ్గిస్తాం. తగ్గించినప్పుడు బాంబూ తగ్గుతుంది, గుసగుసా తగ్గుతుంది. బాంబు ఇంకా వినపడుతూనే ఉంటుంది కానీ గుసగుస మాత్రం డిష్‌వాషర్ చప్పుడు, హీటర్ గాలి చప్పుడు కిందకి పోతుంది. థియేటర్లో జనం నిశ్శబ్దంగా ఉంటే (తెలుగు ప్రీమియర్ షోలో ఉండరనుకోండి) ఆ గుసగుస కూడా స్పష్టంగా చెవిన పడుతుంది.

రెండోది, 5.1 మిక్స్‌లో (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ అని లెక్క) డైలాగులు ఎక్కువగా మధ్య స్పీకర్‌కే వెళ్తాయి. థియేటర్లో అది తెర వెనకాలే ఉంటుంది, తెరకి సన్నని రంధ్రాలుంటాయి. మన పల్చటి టీవీలకేమో స్పీకర్లు కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి. నా ఫ్రెండ్ ఒకడు పాత రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే పెట్టె) ఒకటి చవగ్గా తెచ్చి రెండే స్పీకర్లు తగిలించాడు, మ్యూజిక్ అదిరిపోతోంది, మాటలే లేవు. మధ్య స్పీకర్ లేదని రిసీవర్ సెట్టింగ్‌లో చెప్పకపోతే, అది ఆ మాటల్ని లేని స్పీకర్‌కే పంపుతూ ఉంటుంది! సెంటర్ దగ్గర "నన్" అని పెట్టగానే మాటలు వచ్చేశాయి.

కాబట్టి డబ్బు తీసే ముందు రిమోట్ తీయండి. టీవీ ఒక్కటే ఉంటే యాప్‌లో ఆడియో 5.1 బదులు స్టీరియో ఉందేమో చూసి పెట్టండి, ఒక్కోసారి అంతటితోనే సగం బాధ తీరుతుంది. టీవీ సౌండ్ మెనూలో నైట్ మోడ్, క్లియర్ వాయిస్, వాల్యూమ్ లెవలింగ్ లాంటి పేర్లతో ఏదో ఒకటి ఉంటుంది. యాపిల్ టీవీ బాక్సులో అయితే "రెడ్యూస్ లౌడ్ సౌండ్స్". క్లియర్ వాయిస్ మాటల్ని పైకి తెస్తుంది, మిగతావి చేసేది ఒకటే పని, గట్టివాటిని నొక్కి మెల్లగా ఉన్నవాటిని లేపడం. పాట కాస్త చప్పగా ఉంటుంది, నిజమే. పాప నిద్రపోతున్నప్పుడు చప్పటి పాటే మంచిది.

యాడ్స్ సంగతి వేరు. మామూలు టీవీ చానళ్లలో ప్రోగ్రాము కంటే యాడ్ గట్టిగా మోగకూడదని 2010లోనే చట్టం చేశారు, 2012 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఓటీటీలు లేవు. కాలిఫోర్నియా మాత్రం 2025లో వాటికీ కలిపి సొంత చట్టం చేసుకుంది.

ఇంత చేసినా మాట అర్థం కాకపోతే అప్పుడు సెంటర్ ఛానల్ ఉన్న 3.1 సౌండ్‌బార్ కొనండి, చాలావాటిలో సెంటర్‌ని విడిగా పెంచుకోవచ్చు. స్పీకర్ల సంఖ్య చూసి 7.1కి ఎగబడొద్దు, మీ హాల్లో సోఫా వెనక గోడే కదా, వెనక స్పీకర్లకి చోటెక్కడ. టీవీలో ఏఆర్‌సీ (ARC, టీవీ సౌండ్‌ని సౌండ్‌బార్‌కి పంపేది) అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టుకే తగిలించండి. సబ్‌వూఫర్ వస్తే దాన్ని మూలలో పెట్టొద్దు, మూలలో బేస్ ఇంకా బలుస్తుంది. కింద మందపాటి ఫోమ్ వేసినా కింది వాళ్లకి పూర్తిగా ఆగదు, పదింటి తర్వాత ప్లగ్ తీసేయడమే నేను చేసేది. అర్ధరాత్రి చూడాలనిపిస్తే హెడ్‌ఫోన్సే.

గుండెలదిరేలా వినాలంటే ప్రీమియర్‌కి వెళ్లండి, టికెట్ ఖరీదెక్కువైనా సరే. చిన్నపిల్లల్ని తీసుకెళ్తే మాత్రం చెవులు మూసే ఇయర్‌మఫ్స్ మర్చిపోవద్దు, మా పాపకి రెండేళ్లప్పుడు వాటిని ఇంట్లో వదిలేసి వెళ్లి, హీరో ఎంట్రీ కూడా రాకముందే పాపని ఎత్తుకుని లాబీలో కూర్చున్నాను.