కేబుల్ టీవీలో క్రికెట్ పెడితే బొమ్మ గళ్లుగళ్లుగా పగులుతోంది, వార్తలు బాగానే వస్తున్నాయి. సెట్‌టాప్ బాక్సు ఒకసారి మార్చాం, అయినా అంతే. మళ్లీ మార్చాలా?

మీరు చెప్పినదాన్ని బట్టి బాక్సు ఇప్పటికే ఒకసారి మార్చారు, అయినా క్రికెట్‌లో గళ్లు పోలేదు. ఒకటి గమనించండి. మాట ఆగకుండా వస్తూ, కదలిక ఎక్కువైనప్పుడే గళ్లు పడితే తప్పు బాక్సుది కాదు, వైరుదీ కాదు. మాట కూడా తెగి బొమ్మ బిగుసుకుపోతే మాత్రం కనెక్టర్లు చూపించుకోండి.

విజయనగరంలో ఒక కేబుల్ కంట్రోల్ రూమ్‌లో నాలుగేళ్లు పనిచేశాను. ఒక క్యారియర్, అంటే చాలా ఛానెళ్లను కలిపి మోసే 8 మెగాహెర్ట్జ్ వెడల్పు తరంగం, 64 క్వామ్ అనే పద్ధతిలో సెకనుకు సుమారు 38 మెగాబిట్లు మోస్తుంది. అందులో 12 ఛానెళ్లు పెట్టి, తలా 3 మెగాబిట్లు కట్టేశాం. పంక్తిలో పిల్లాడికీ పెద్దాడికీ ఒకే కొలత వడ్డించినట్టు. యాంకర్ బల్ల దగ్గర కూర్చుని చదువుతుంటే వెనక గోడ కదలదు. మారిన భాగమే పంపాలి కాబట్టి ఆ ఛానెల్‌కి సగం చాలు, మిగతాది ఖాళీ ప్యాకెట్లుగా పోతుంది. పక్కన బంతి వెంట కెమెరా తిరిగితే గడ్డీ జనమూ అంతా మారిపోతాయి. 3 ఏ మూలకి?

అందుకే స్టాట్ మక్స్ పెట్టాం. తన బొమ్మ ఎంత కష్టంగా ఉందో ప్రతి ఎన్‌కోడర్ (ఒక్కో ఛానెల్ బొమ్మను కుదించే యంత్రం) క్షణక్షణం చెబుతుంటుంది, ఉన్న 36ని కంట్రోలర్ అవసరాన్ని బట్టి పంచుతుంది. ఛానెల్‌కి కనీసం 1.5, గరిష్ఠం 6 అని పెట్టాం. క్రికెట్ బాగుపడింది, నాకూ కాస్త గర్వం వచ్చింది.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజున ఆ గర్వం దిగిపోయింది. ఆ క్యారియర్‌లోనే మూడు లోకల్ ఛానెళ్లు, నాలుగు వార్తల ఛానెళ్లు. ఏడూ ఒకేసారి లైవ్. గుడికీ కోటకీ మధ్య ఇసకేస్తే రాలని జనం, సిరిమాను మీదికి విసిరే అరటిపళ్లు. ఎన్‌కోడర్‌కి అంతకన్నా నరకం లేదు. ఒకరికి అక్కర్లేనిది ఇంకొకరికి ఇవ్వడమే స్టాట్ మక్స్ కిటుకు. అందరికీ ఒకేసారి ఆకలేస్తే ఇవ్వడానికి ఏముంటుంది? మళ్లీ తలా మూడు చిల్లర దగ్గరకే వచ్చి పడ్డాం. మరుసటి ఏడాది లోకల్ ఛానెళ్లు మూడింటినీ మూడు క్యారియర్లకు విడదీశాం. బాక్సులన్నీ మళ్లీ స్కాన్ చేయించాల్సి వచ్చి రెండు రోజులు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, అది వేరే కథ.

మీ ఆపరేటర్‌ని రెండే అడగండి: ఆ స్పోర్ట్స్ ఛానెల్‌తో ఒకే క్యారియర్‌లో ఇంకేమున్నాయి, దాని గరిష్ఠం ఎంత పెట్టారు. అక్కడ ఇంకో రెండు స్పోర్ట్స్ ఛానెళ్లుంటే ఒకటి పక్కకి జరపక తప్పదు. బొమ్మను ఇంకా బాగా కుదించే హెచ్.264 పద్ధతికి మారిస్తే చోటు బాగా మిగులుతుంది కానీ, పాత ఎంపెగ్-2 పద్ధతి మాత్రమే తెలిసిన బాక్సులున్న ఇళ్లలో తెర నల్లబడుతుంది. మ్యాచ్ ఉన్న సాయంత్రం మనిషిని ఇంటికే పిలిచి చూపించండి. ఫోన్లో చెబితే బాక్సు ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు.